పురిటింట్లో చెప్పకూడని సలహాలు

ఏడో రోజు పొద్దున్నే ఆశ వర్కరు వచ్చింది. సంచిలోంచి త్రాసు తీసి, దాని గుడ్డ జోలెలో పిల్లని పడుకోబెట్టి పైకెత్తింది. ఇంట్లో ఉన్న ఆరుగురమూ ముల్లు వైపు వంగాం. రెండు కిలోల తొమ్మిది వందలు. మా చిన్నాన్న ఆ అంకెని ఫోన్లో ఎవరెవరికో చెప్పడం మొదలుపెట్టాడు. పిల్ల తల్లి, అంటే మా చెల్లి, గుమ్మం పక్కన నిలబడి ఉంది. తలకి తువ్వాలు, చెవుల్లో దూది.

"నువ్వెలాగున్నావమ్మా?" అని ఆశ అడిగింది.

"దానికేటి, బాగానే ఉంది. తింటంది, తొంగుంటంది" అని మా పిన్ని జవాబు చెప్పింది. ఆశ రాసుకుని వెళ్లిపోయింది. చెల్లి నోరు తెరవనే లేదు. మూడు రాత్రులుగా అది కన్ను మూయలేదని నాకు తెలుసు, పక్క మంచం నాదే గనక.

అప్పటినుంచి మా యలమంచిలిలో కడుపుతో ఉన్న పిల్లకీ, బాలింతకీ చుట్టూ ఉన్నవాళ్లు ఏమేం చెప్తారో ఒక పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. చెడ్డ మనసుతో చెప్పింది అందులో ఒక్కటీ లేదు. మా అమ్మ చెప్పినవి ఉన్నాయి, ఒకప్పుడు నేను చెప్పినవీ ఉన్నాయి. అయినా అవన్నీ తప్పు సలహాలే. పుట్టింట్లో పురుడు పోయబోయే అమ్మలు, అత్తలు, అప్పలు ఇది చదవాలని, చదివి ఇవి చెప్పడం మానాలని రాస్తున్నాను.

మొట్టమొదట చెప్పేది ఇది: "భయం మాట ఎత్తకు, కడుపులో బిడ్డకి తగుల్తాది." మూడో నెల నుంచే మొదలవుతుంది. అచ్యుతాపురం వైపు కుట్టుపని కంపెనీల బస్సెక్కే అమ్మాయిలు మా వీధిలోనే పదిమంది ఉంటారు. ఆరో నెల వచ్చినా తెల్లారకముందే హైవే మీదకొచ్చి నిలబడతారు. పని పోతుందేమోనని భయం. కిందటిసారి కడుపు నిలవలేదు గనక ఈసారీ అలాగే అవుతుందేమోనని భయం. అత్తింట్లో డబ్బు గొడవలు సరేసరి. నోరెత్తకూడదని చెప్తే భయం ఎక్కడికీ పోదు, లోపలే ముదురుతుంది. పైగా ఆ సలహా విన్న పిల్ల నర్సమ్మ దగ్గర కూడా నోరెత్తదు. నెలనెలా తొమ్మిదో తారీఖు పరీక్షకి తీసుకెళ్తాం, బీపీ చూస్తారు, బరువు చూస్తారు, రక్తం చూస్తారు. నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అన్నది అడిగితేనే తెలుస్తుంది. అది కూడా మనం పక్కన లేనప్పుడు అడగాలి. తోడెళ్లిన అమ్మలు, అత్తలు ఒక్క ఐదు నిమిషాలు బయట కూర్చోండి. మీరు చేయగలిగిన మొదటి మేలు అదే.

రెండో సలహా లేబర్ రూములో వినపడుతుంది: "అరవకు. అందరూ కనలేదా?"

నా తొలి కాన్పుకి పధ్నాలుగు గంటలు నొప్పులు పడ్డాను. ఎక్కడన్నది రాయను. మా అమ్మని గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపల బల్ల మీద నేను, పక్క బల్ల మీద ఇంకో అమ్మాయి, మధ్యలో తెర లేదు. నొప్పికి కేక పెట్టినప్పుడల్లా "అప్పుడు తెలీలేదా?" అని ఒక గొంతు. ఆ నొప్పి ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా రాదు. ఆ మాట మాత్రం పద్దెనిమిదేళ్లుగా చెవిలో ఉంది. రెండో బిడ్డ వద్దని నేను నాలుగేళ్లు మొండికేస్తే ఇంట్లో అందరూ డబ్బు కోసమనుకున్నారు.

ఇది నా ఒక్కదాని సున్నితం అనుకుని చాలాకాలం సిగ్గుపడ్డాను. తర్వాత చదివాను. కాన్పు గురించి స్త్రీలకి మంచి జ్ఞాపకం మిగులుతుందా, చేదు మిగులుతుందా అన్నదాని మీద జరిగిన పరిశోధనలన్నీ కూర్చి 2002లో ఎలెన్ హాడ్నెట్ అనే కెనడా నర్సింగ్ ఆచార్యురాలు ఒక సమీక్ష రాసింది. నొప్పి ఎంతన్నది అంత పెద్ద సంగతి కాదని అందులో తేలింది. పక్కనున్నవాళ్లు ఆదుకున్నారా, వాళ్లతో సంబంధం ఎలా ఉంది, ఏం చేయబోతున్నారో తనకి చెప్పి, తననీ అడిగి చేశారా, తను అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత దూరం, ఇవే జ్ఞాపకాన్ని తీర్చిదిద్దుతాయి.

1980లో గ్వాటెమాలా దేశంలో సోసా, కెనెల్, క్లాస్ అనే వైద్యులు చేసిన పని నాకు మరీ నచ్చింది. తొలిచూలు స్త్రీల పక్కన ముక్కూ మొహం తెలియని ఒక ఆడమనిషిని కూర్చోబెట్టారు. ఆమెకి వైద్యం రాదు. వీపు రాయడం, చెయ్యి పట్టుకోవడం, మాట్లాడటం, అంతవరకే ఆమె పని. అలా తోడున్నవాళ్లకి నొప్పుల కాలం బాగా తగ్గింది. చిన్న ప్రయోగమే. కానీ ఆ దారిలో చాలా జరిగాయి. 2017 నాటికి 17 దేశాల్లో 15 వేల పైచిలుకు స్త్రీలతో జరిగిన 26 ప్రయోగాలని కలిపి చూశారు. మొదట్నించీ చివరిదాకా ఒకరు పక్కనే ఉంటే మామూలు కాన్పులు పెరుగుతున్నాయి, ఆపరేషన్లు తగ్గుతున్నాయి, తర్వాత చేదు జ్ఞాపకం తగ్గుతోంది. భయంతో ఒంట్లో అడ్రినలిన్ ఎగిస్తే, గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ పని మందగిస్తుందని మంత్రసాని చదువు చదివినవాళ్లు చెప్తారు. అంటే "అరవకు" అని కసిరినవాళ్లు కాన్పుని తొందర పెట్టడం లేదు, ఆలస్యం చేస్తున్నారు.

కన్నతల్లికి ఇష్టమైన మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మన కేంద్ర ప్రభుత్వం 2017లో లేబర్ రూముల్ని బాగుచేయడానికి తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ కాన్పు తోడు, మర్యాదగా చూడటం ఉన్నాయి. కాబట్టి తోడు ఉంటామని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. నెలలు నిండకముందే ఆసుపత్రికి వెళ్లి, "లోపలికి ఒకరిని రానిస్తారా?" అని అడిగి తేల్చుకోండి. నొప్పులొచ్చాక గుమ్మం దగ్గర వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాయనమ్మ తరానికి మంత్రసాని ఉండేది. ఆమె చేతుల్లో తల్లులూ పోయారు, బిడ్డలూ పోయారు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను అనను. ఇప్పుడు మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, దానివల్ల ప్రాణాలు నిలిచాయి. కానీ మంత్రసాని వచ్చిందంటే నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డకి నీళ్లు పోసేదాకా కదిలేది కాదు. ఆమె మొరటుతనంతోపాటు ఆ కూర్చోవడం కూడా పోయింది. దాన్ని తిరిగి తేవచ్చని పక్క రాష్ట్రం చూపించింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి నర్సులకి పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఆ ఆసుపత్రి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ అంతకు ముందునుంచే, 2011 నుంచే, తన దగ్గర మిడ్‌వైఫ్‌లని తయారుచేస్తోంది. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. అనకాపల్లి జిల్లాలో ప్రతి కాన్పు గదికీ అలాంటి చదువు చదివిన మనిషి ఒకరు ఉండాలని అడగడం మన వంతు.

"ఆపరేషనే కదా, నీకేటి నొప్పి తెలిసింది?" ఇది ఇంకో మాట. సలహాలా మొదలై దెప్పుడుగా ముగుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే, తెలంగాణలో 60 దాటాయి. కడుపు కోసి కుట్టిన మనిషిని పట్టుకుని నువ్వు సొంతంగా కనలేదన్నట్టు మాట్లాడే అవకాశం ఉన్న ఇళ్లు అన్ని ఉన్నాయన్నమాట. కుట్లు నొప్పెడుతుంటే లేచి కూర్చుని పాలివ్వడం ఎంత కష్టమో చూసినవాళ్లకి తెలుసు. ఆ మాట మానేయండి, అంతకన్నా వివరించను.

పథ్యం సంగతీ పెద్దగా పెంచను. వేడన్నం, నూనె మర్దనా, వేణ్నీళ్లు, మూడో నెల దాకా పుట్టింట్లో విశ్రాంతి, ఇవి మంచివి, ఉంచుకోండి. నీళ్లు తాగితే పొట్ట వస్తుందని గొంతు ఎండబెట్టడం మాత్రం వద్దు. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సలహా. పుట్టింది ఆడపిల్లని తెలియగానే ఎవరో ఒకరు తల్లి చెవిలో ఓదార్పుగా అంటారు: "పోనీలే, ఈసారి మగపిల్లోడు పుడతాడు, అన్నీ సర్దుకుంటాయి." ఓదార్పు అనుకునే అంటారు. అందులో పోయిందేమిటో, పోనిచ్చిందేమిటో ఆ తల్లికి తెలుస్తుంది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం బాలింతలని పరీక్షించి 2002లో రాసింది: కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి నూటికి 23 మందికి కుంగుబాటు ఉంది, పేదరికం, భర్త దౌర్జన్యంతోపాటు ఆడపిల్ల పుట్టడమూ దాన్ని పెంచుతోంది. 2017లో మన దేశంలోని 38 అధ్యయనాలని కలిపి చూస్తే, ఇరవై వేల మంది తల్లుల్లో నూటికి 22 మందికి ఆ కుంగుబాటు కనపడింది. కారణాల్లో మళ్లీ ఆడపిల్ల, డబ్బు ఇబ్బంది, భర్త తోడు లేకపోవడం. అంటే ఐదుగురు బాలింతల్లో ఒకరు. మా వీధిలో లెక్కపెట్టుకుంటే నాకు పేర్లు గుర్తొస్తాయి.

భర్త తోడు అన్నాను గనక, "పురిటింట్లో మొగోడికేం పని?" అన్నది కూడా చేర్చాలి. పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసే అల్లుళ్లు ఆదివారం వచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుని, భోంచేసి పోతారు. ఆ కుర్చీ తీసి లోపల మంచం పక్కన వేయండి.

ఇక "బాలింత ఏడవకూడదు, పాలు ఇంకిపోతాయి." కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో కారణం లేకుండా కళ్లనీళ్లు రావడం చాలామందికి మామూలు. రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. ఏడవనివ్వండి. రెండు వారాలు దాటాక కూడా దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకి నిద్ర రాకపోతే, దేని మీదా మనసు లేకపోతే, అది బద్ధకం కాదు, పొగరు కాదు, జబ్బు. 1987లో ఎడిన్‌బరోలో జాన్ కాక్స్ బృందం తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక ఉంది. నవ్వగలుగుతున్నావా, రేపటి మీద ఆశ ఉందా, ఊరికే నిన్ను నువ్వే తప్పుపట్టుకుంటున్నావా, ఇలాంటివే. పదో ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని మనవాళ్లు భయపడతారు. పుట్టదు. అప్పటికే ఉంటే, బయటికి వస్తుంది.

వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో ఇంకో రకం వస్తుంది. కాన్పయిన కొద్ది రోజులకే నిద్ర పూర్తిగా పోయి, లేని మాటలు వినపడి, బిడ్డ తన బిడ్డ కాదంటుంది. "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అని చెప్పేవాళ్లని ఆ రోజు ఇంటికి రానివ్వకండి. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, అది అత్యవసరం. బిడ్డని లాగేసుకుంటారని భయమొద్దు. మూడేళ్లలోపు బిడ్డని చికిత్సలో ఉన్న తల్లినుంచి మామూలుగా విడదీయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది. బెంగళూరు నిమ్‌హాన్స్ మానసిక ఆసుపత్రిలో తల్లీ బిడ్డని కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచి నడుస్తోంది. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మరి ఇదంతా డాక్టర్లు చూసుకోవాలి, మనకేం తెలుసు అంటారా? అదీ నా పుస్తకంలో ఉన్న తప్పు సలహానే. పాకిస్తాన్‌లో రావల్పిండి పక్క పల్లెల్లో అతీఫ్ రెహమాన్ అనే వైద్యుడు మన ఆశల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకే మాట్లాడే పద్ధతి నేర్పాడు. కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకి వాళ్లు వెళ్లి మాట్లాడారు. బిడ్డకి ఆరు నెలలొచ్చేసరికి, అలా మాట్లాడని ఊళ్లలో నూటికి 53 మంది తల్లులు ఇంకా కుంగుబాటులోనే ఉంటే, మాట్లాడిన ఊళ్లలో 23 మందే ఉన్నారు. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇది.

మన ఆశ ఆసుపత్రి కాన్పు తర్వాత నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు ఇంటికొస్తుంది. మూడో రోజు, ఏడో రోజు, తర్వాత పధ్నాలుగు. పధ్నాలుగో రోజు కోసం నేను కాచుకుని ఉన్నాను. ఆశ పిల్లని తూచగానే, "పిన్నీ, టీ పెట్టవా" అని మా పిన్నిని వంటింట్లోకి పంపాను. చిన్నాన్నని పిల్లతో సహా వీధరుగు మీదకి పంపాను. ఆశతో ముందే మాట్లాడుకున్నాను గనక ఆమె త్రాసు సర్దుకోకుండా మంచం మీద కూర్చుంది. చెల్లి చెవుల్లో దూది నేనే తీశాను.

"రాత్రుళ్లు నిద్ర పడతందా?" అని ఆశ అడిగింది.

చెల్లి చాలాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చుంది. "పిల్ల ఏడిస్తే నాకు భయమేస్తంది" అంది. "దగ్గరికి వెళ్లాలనిపించదు. ఎక్కడికైనా పోవాలనిపిస్తది. ఇలా ఎవరికైనా ఉంటాదా అప్పా?"

అప్పుడు చూశాను, పిన్ని టీ గ్లాసులతో గుమ్మంలో ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలీదు. గ్లాసులు కింద పెట్టి, వచ్చి చెల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

"మీ అన్న పుట్టినప్పుడు నాకూ ఇలాగే అయ్యిందే" అంది. "ఎవులికీ సెప్పలేదు."