అమ్మేటప్పుడు కాటా, మందు తాపేటప్పుడు కంటి లెక్క

ఇప్పటి జీవాలోళ్ళ మీద నాకు ఒక్కచోటే కోపం. మేకను అమ్మే రోజు దూలానికి కాటా కట్టి వేలాడదీస్తారు. కిలోకింత అని బేరం తెంచి, అరకిలో తేడా వచ్చినా వ్యాపారితో తగువు పడతారు. అదే మేకకు నట్టల మందు తాపే రోజు ఆ కాటా మూల నుంచి కదలదు. సీసా మూతతో పోతుకొక మూత, చూడి మేకకొక మూత, మొన్న పాలు మాన్పించిన పిల్లకూ ఒక మూత. అన్నిటికీ అదే కొలత!

మా రోజుల్లో సీమ సంతల్లో జీవాలను తూచేది లేదు. బేరమంతా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకునే జరిగేది. కాబట్టి బరువు చేతికే తెలియాలి. మా నాయన ముందు నడుము మీద బొటనవేలు పెట్టి, ఎముక మీద కండ ఎంతుందో తడిమేవాడు. తర్వాత ముందుకాళ్ళ వెనక చేతులు పోనిచ్చి నేల మీద నుంచి ఒక్కసారి లేపేవాడు. లేపి, "రెండు మణుగులకు వీశె తక్కువ" అనేవాడు. మణుగంటే ఇప్పటి లెక్కలో 11 కిలోల పైచిల్లర, వీశె అంటే 1.4 కిలోలు. అమ్మకానికి ఏ చెయ్యి లెక్క చెప్పిందో మందుకూ ఆ చెయ్యే చెప్పేది. కడుపు నిండిన మేక బరువు మోసం చేస్తుందని, పొద్దున్నే మేతకు వదలకముందే ఈ పని కానిచ్చేవాళ్ళు.

అప్పటి మందులు కూడా అంత జాగ్రత్త అడిగేవే. మైలుతుత్తం నీళ్ళలో పొగాకు సత్తు కలిపి తాపేవాళ్ళు. కొంచెం మించితే జీవం వణికి పడిపోయేది. అందుకే మా ఇంట్లో వెదురు గొట్టానికి కత్తితో గాట్లు పెట్టుకున్నారు, పిల్లకొకటి, పెంటికొకటి, పోతుకొకటి. గాటు దాటనిచ్చేవాళ్ళు కాదు.

ఇప్పుడు ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వచ్చాయి. మంచి మందులు, నేను కాదనను. కాస్త ఎక్కువైనా జీవం తట్టుకుంటుంది. ఆ ధైర్యంతోనే కొలత పోయింది. ఎక్కువైతే చావదు కదా అంటారు. తక్కువైతే ఏమవుతుందో ఎవరికీ పట్టడం లేదు, అసలు నష్టం అక్కడే ఉంది. చాలని మందు తాగిన మేక కడుపులో బలహీనమైన నట్టలు చస్తాయి, మొండివి మిగులుతాయి. ఎర్ర తెల్ల చారలతో నాలుగో పొట్టలో కూర్చుని రక్తం తాగే హీమాంకస్ నట్ట ఉంది చూడండి, ఆ ఆడ నట్ట ఒక్కటే రోజుకు వేల గుడ్లు పెడుతుంది. మిగిలిన మొండి నట్టల గుడ్లే పెంటికల్లో బయటపడి, వానకు పిల్లలై, గడ్డి మీదుగా మళ్ళీ మందలోకి వస్తాయి. కొన్నేళ్ళు ఇలా సాగితే ఆ దొడ్డిలో ఆ మందు పనిచేయదు. ఇది నా చాదస్తం కాదు. థయాబెండజోల్ అనే మందు 1961లో వచ్చింది. 1964కే అమెరికా గొర్రెల్లో దానికి లొంగని నట్టలు బయటపడ్డాయి. మందు నాసిరకమని అంగడివాణ్ణి తిట్టే ముందు మనం ఎంత తాపామో చూసుకోవద్దా?

లెక్క ఏమంత కష్టం? కాటా లేకపోతే దర్జీ టేపు చాలు. మేకను చదునైన నేల మీద నిలబెట్టి, ముందుకాళ్ళ వెనకగా గుండె చుట్టూ ఎన్ని అంగుళాలో చూడండి. భుజం ముందు ఎముక నుంచి తోక పక్కనున్న తుంటి ఎముక దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగించండి. చుట్టుకొలత 26, పొడవు 24 అయితే దాదాపు 25 కిలోలు. చూడి మేకకు పొట్ట చుట్టూ టేపు పెడితే లెక్క తప్పుతుంది, గుండె దగ్గరే పెట్టాలి. పిల్లలకు ఇదీ అక్కర్లేదు, గోనెసంచిలో కూర్చోబెట్టి స్ప్రింగ్ కాటాకు తగిలిస్తే సరి.

డాక్టరు కిలోకు 10 మిల్లీగ్రాములు చెప్పాడనుకుందాం. 2.5 శాతం ఆల్బెండజోల్ సీసాలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 25 కిలోల మేకకు 10 మిల్లీలీటర్లు కావాలి. 40 కిలోల పోతుకు 16. 8 కిలోల పిల్లకు 3.2 చాలు. అందరికీ 10 మిల్లీలీటర్ల మూత పోస్తే పిల్లకు మూడింతలు పడింది, పోతు మూడింట రెండొంతులైనా లేని మందుతో బయటికొచ్చింది. మందంతా తిరిగే ఆ పోతే మొండి నట్టలను ఊరంతా పంచుతుంది. ఒక్కొక్కదాన్నీ తూచే తీరిక లేకపోతే సైజుల వారీగా విడదీసి, ఒక్కో గుంపులో బరువైనదాని లెక్కన తాపాలి. లెవామిసోల్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అది మోతాదు మించితే ప్రమాదం, అక్కడ తూకమే శరణ్యం.

ఇంకో మాట. సీసా మీద గొర్రెకని రాసినదే మేకకూ పోస్తున్నారు. మేక ఒంట్లో మందు తొందరగా విరిగి బయటికి పోతుంది. అందుకే ఆల్బెండజోల్ జాతి మందులు మేకకు గొర్రె కంటే ఎక్కువే, చాలాసార్లు రెండింతలు రాస్తారు. ఎంతో పశువుల డాక్టరును అడగండి. మా కాలంలో ఈ సంగతి మాకు తెలియదు, మీకు తెలుసుకునే దారి చేతిలోనే ఉంది. ఆల్బెండజోల్‌ను చూలు కట్టిన మొదటి నెలలో తాపకూడదనీ అడిగితేనే చెబుతారు.

మా నాయన మందు తాపేముందు కింది రెప్ప లాగి చూసేవాడు. ఎర్రగా ఉంటే వదిలేసేవాడు, పాలిపోయి ఉంటే, దవడ కింద నీరు దిగి ఉంటే పట్టుకునేవాడు. 1990లలో దక్షిణాఫ్రికా వాళ్ళు ఆ రెప్ప రంగుకే ఐదు రంగుల అట్ట తయారుచేశారు. ఇప్పుడు దేశదేశాల్లో అది చూసే ఏ జీవానికి మందు కావాలో తేలుస్తున్నారు. మన కుర్రాళ్ళు రెప్ప తీసి చూడరు, నెలనెలా మందంతటికీ పోస్తారు. పోసేటప్పుడైనా తల ఆకాశానికి ఎత్తి పోస్తారు, మందు ఊపిరితిత్తుల్లోకి పోయి జీవం దగ్గుతుంది. తల సమంగా పట్టి, నోటి పక్క నుంచి నాలుక వెనక్కి మెల్లగా వదలాలి.

తొలకరి పడితే నట్టలకు పండగే. ఈసారి మందు సీసా కొన్నప్పుడు ఒక సిరంజీ, ఒక టేపు కూడా కొనండి. వ్యాపారి కోసం పట్టే కాటాను జీవం కోసం కూడా పట్టండి.