జోడు

స్పెయిన్‌లో నన్ను అల్పర్గాత అంటారు. పైన నూలు గుడ్డ, అడుగున జనపనార తాడు, చీలమండ చుట్టూ తిప్పి కట్టుకోవడానికి పొడవాటి నాడాలు. తెలుగులో అయితే నన్నూ నా జతనూ కలిపి జోడు అంటారట. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. కాలికి తొడుక్కునేదీ జోడే, ఒకరికొకరు సరిపోయిన ఇద్దరూ జోడే. నేను చివరిసారి నడిచింది అలాంటి ఇద్దరితోనే.

నా నార గంగా బ్రహ్మపుత్రల డెల్టాలో పెరిగింది. కోసిన కట్టలను రోజుల తరబడి నీళ్ళలో ఊరవేస్తే తప్ప కాడ నుంచి నార విడదు. ఆ లెక్కన నేను నీళ్ళలో పుట్టినదాన్నే. అక్కడి నుంచి ఓడెక్కి, లా రియోహాలోని సెర్వేరా దెల్ రియో అలామా చేరాను. అల్పర్గాతలకు పేరుపడ్డ ఊరది. నారను జడలా అల్లి, పాదం ఆకారంలో చుట్టి, అడ్డంగా దారం దూర్చి బిగించారు. అడుగున పల్చటి రబ్బరు అంటించారు. పాతకాలపు పద్ధతి కాబట్టి మాలో కుడి ఎడమల తేడా లేదు. తొడుక్కున్న మనిషి నడవగా నడవగా ఒకటి కుడిది అవుతుంది, రెండోది ఎడమది. నేను ఎడమదాన్ని అయ్యాను.

మా వంశం చిన్నది కాదు. జనపనార రాకముందు మమ్మల్ని ఎస్పార్తో అనే గరుకు గడ్డితో అల్లేవారు. గ్రనడా ప్రాంతంలో అల్బున్యోల్ దగ్గర గబ్బిలాల గుహలో దొరికిన గడ్డి చెప్పులు దాదాపు 6,000 ఏళ్ళ నాటివి. 1936లో అంతర్యుద్ధం మొదలయ్యాక బూట్లు దొరకని సైనికులెందరో మాతోనే కొండలెక్కారు. బురదలో నడిచారు, మంచులో నడిచారు. వాళ్ళ కాళ్ళు ఎంత తడిశాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఆవిడ నన్ను కొన్న రోజున దుకాణంలో అమ్మినామె ఒకే మాట చెప్పింది: నీళ్ళు తగలనివ్వకండి. ఆవిడ తలూపింది. ఆ వేసవి నాలుగైదుసార్లు వేసుకుంది. తర్వాత మూడేళ్ళు బీరువా అడుగున, ఆయన తోలు బూట్ల కింద పడి ఉన్నాను. పైన పడ్డ బరువుకు నా గుడ్డ ముందుభాగం అణిగిపోయింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా కోసమే అనుకునేదాన్ని. చెయ్యి లోపలికి వచ్చేది, పక్కదాన్ని తీసుకుని వెళ్ళిపోయేది. నడవడానికి పుట్టినదానికి అంతకంటే పెద్ద శిక్ష నాకు తెలియదు.

నాలుగో ఏడు ఏప్రిల్‌లో నన్ను సెవిల్లాకు తెచ్చారు. పవిత్ర వారం ముగిసి ఇంకా పది రోజులు కాలేదు. ఊరేగింపుల్లో కారిన కొవ్వొత్తుల మైనం వీధి రాళ్ళకు అక్కడక్కడా పట్టుకునే ఉంది. కార్లు మలుపు తిరిగితే చక్రాలు కీచుమనేవి. నా రబ్బరుకూ ఆ మైనం అంటుకుంది. పైన నారింజ పూల వాసన, కింద మైనం జిగట. పైదాన్ని అందరూ మెచ్చుకున్నారు, కిందిది నాకొక్కదానికే తెలుసు.

ఆవిడకు మోకాళ్ళ నొప్పి. వంగలేదు. అందుకే పొద్దున్నే హోటల్ గదిలో ఆయన నేలమీద మోకరించి నాడాలు కట్టాడు. ముందు నాకు, తర్వాత నా జతకు. కట్టాక రెండు ముడులనూ బొటనవేలితో నొక్కి చూశాడు. మూడేళ్ళ బీరువా చీకటిని ఆ నొక్కుడుతో మరిచిపోయాను.

మొదట హిరాల్దా ఎక్కారు. 1198లో పూర్తయిన మసీదు మినారు అది. తర్వాత చర్చి గంటల గోపురమైంది. శిఖరాన గాలికి తిరిగే కంచు స్త్రీ విగ్రహంతో కలిపి 104 మీటర్ల ఎత్తు. లోపల మెట్ల బదులు ఏటవాలు దారులు, మొత్తం 35. పైకెక్కి అజాన్ ఇచ్చే ముఅజ్జిన్ గుర్రం మీద వెళ్ళేందుకు అలా కట్టారని చెబుతారు. మెట్లే అయితే ఆవిడ కిందే ఉండిపోయేది. ప్రతి మలుపులో కిటికీ దగ్గర ఆగింది, నా మీద బరువు మార్చుకుంది, మళ్ళీ కదిలింది. ఆయన ఒక మలుపు ముందు నడిచి, వెనక్కి దిగివచ్చి, మళ్ళీ ముందుకు వెళ్ళాడు. ఆ లెక్కన ఆయన గోపురాన్ని రెండుసార్లు ఎక్కినట్టే. చివర కొన్ని మెట్లు ఉన్నాయి. అక్కడ చెయ్యి పట్టుకున్నాడు. ఆ మెట్లమీద ఆవిడ బరువులో సగమే నాకు తెలిసింది.

అల్కాసర్ రాజకోట బయట వరుస చూసి లోపలికి వెళ్ళలేదు. కోటగోడ పక్కనే శాంతా క్రూజ్ సందుల్లో తిరిగారు. ఎండ లోపలికి దిగకుండా ఇరుగ్గా కట్టిన సందులవి. ఒకచోట ఎదురెదురు బాల్కనీలు తాకేంత దగ్గరగా ఉంటాయి. ముద్దుల సందు అని దాని మారుపేరు. 1391లో దాడులు జరిగేదాకా ఇది యూదుల పేట. అరిగిన ఆ రాళ్ళమీద నాకంటే ముందు నడిచి, ఉన్నపళంగా ఇల్లు విడిచిపోయిన వాళ్ళ కాళ్ళకు ఏముందో అనుకున్నాను.

"ఇంకెంత దూరం?" అంది ఆవిడ.

"ఇదిగో, ఈ తోట దాటితే."

ఆ తోట చాలా పెద్దది.

ప్లాసా దె ఎస్పాన్యాను 1929 ప్రదర్శన కోసం అనీబల్ గోన్సాలెస్ రూపకల్పన చేశాడు. అర్ధచంద్రాకారంలో సాగిన ఆ భవనం అడుగున 48 రాష్ట్రాలకు రంగు పలకలు పొదిగిన అరుగులున్నాయి. వచ్చినవాళ్ళు తమ రాష్ట్రం వెతుక్కుని ఫొటో దిగుతారు. వీళ్ళూ లొగ్రోన్యో వెతికారు. లా రియోహాకు పాత పేరది, నా పుట్టిల్లు కూడా. ఆవిడ కూర్చుని నాడాలు విప్పించుకుని మమ్మల్ని ఆ అరుగు మీద పెట్టింది. చల్లటి పలక, వెచ్చటి నార. అంతకంటే హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

చౌకంలో చిన్న కాలువ ఉంది, అద్దె పడవలు ఉన్నాయి. ఆయనకు తెడ్డు వేయాలని ముచ్చట. పడవ అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆయన చూడలేదు, ఆవిడ చూసి కూడా చెప్పలేదు. ఆయన ముచ్చట చెడగొట్టడం ఇష్టం లేకనేమో. అరగంట పాటు నేను ఆ నీళ్ళలో నానాను. ఊరే చెరువులో విడిపోవడం నేర్చుకున్న నార నీళ్ళు తగలగానే పాత పాఠం గుర్తు తెచ్చుకుంది. తాడు ఉబ్బింది, కుట్లు బిగిశాయి, ఒక్కొక్కటే తెగాయి. ఒక్క క్షణం కాళ్ళు పైకి పెట్టుకోమని ఆయన అని ఉంటే చాలు. నాకు కోపం ఉంది, దాచుకోను.

నది ఒడ్డున పన్నెండు పలకల బంగారు బురుజు దాటేసరికి నా అడుగు చుట్ట విడిపోతోంది. 1852లో కట్టిన త్రియానా ఇనుప వంతెన దాటాక ఆవిడ బల్లమీద కూలబడింది. నాడాలు తడిసి పీటముడి పడ్డాయి. గోటితో లాగాడు, పళ్ళతో లాగాడు. చివరికి జేబులోంచి చిన్న చాకు తీసి కోశాడు. పొద్దున నొక్కి చూసిన ముడినే.

కొత్తవి కొనడానికి ఆయన వెళ్ళినంతసేపూ మేము ఆవిడ ఒళ్ళోనే ఉన్నాం. నన్ను రెండు చేతులతో పిండింది. గ్వాదల్‌కివీర్ మీద పొద్దు వాలుతుంటే గౌను మీద మైలనీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

రాత్రి హోటల్ గదిలో చెత్తబుట్ట. గోపురం టికెట్లు, నలిగిన పటం, వాటిమీద మేము. నా జత తలకిందులుగా పడింది.

తెల్లవారాక ఆవిడ మంచం అంచున కూర్చుంది. కొత్తవాటికి నాడాలు లేవు, అంటించే పట్టీ ఒక్కటే. పాదం దూర్చి తనే నొక్కేసుకుంది. పెట్టె సర్దుతున్న ఆయన అలవాటుగా వచ్చి మోకరించాడు. చేతులు చీలమండ దాకా వెళ్ళాయి. కట్టడానికి ఏమీ లేదు. కాసేపు అక్కడే పట్టుకుని, బొటనవేలితో ఒకసారి నొక్కి, లేచాడు.