రెండు లక్షల కుక్క

తిరునిన్రవూరులో ఇల్లు కట్టడమంటే పూసలార్ నాయనారే కట్టాలి. చేతిలో కాసు లేక శివుడికి మనసులోనే గుడి కట్టేశాడు. కంచిలో పల్లవరాజు రాతిగుడి కుంభాభిషేకానికి పెట్టుకున్న ముహూర్తమే ఈయనదీ అయ్యేసరికి, స్వామి రాజు కలలోకొచ్చి, "ఆ రోజు నాకు తిరునిన్రవూరులో పనుంది, నీది వాయిదా వేసుకో" అన్నాడట. ఆ గుడికి యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) లేదు, మెయింటెనెన్స్ లేదు, అసోసియేషన్ అసలే లేదు. కాలభైరవుడు కుక్కతో సహా వచ్చినా లిఫ్టు దగ్గర ఆపేవాడుండడు.

మాది అలా కాదు, బ్యాంకు లోనుతో కొన్న ఫ్లాటు. చెరువు కనిపిస్తుందని చెప్పి అమ్మారు. వానాకాలంలో చెరువే మనల్ని చూడ్డానికి వస్తుందని మాత్రం చెప్పలేదు.

మా కుక్క పేరు మణి. తమిళనాట కుక్కకు అంతకన్నా సంప్రదాయమైన పేరు లేదు. చిక్కేమిటంటే, అదే పేరుగల పెద్దమనుషులు మా బ్లాకులో ఇద్దరున్నారు, ఒకాయన సెక్రటరీ. "మణీ, చెప్పు వదులు!" అని మా ఆవిడ బాల్కనీలోంచి కేకేసిన వారంలోనే జనరల్ బాడీలో తీర్మానం పుట్టింది: ఇకమీదట పెంపుడు జంతువులు కూడవు, ఉన్నవి లిఫ్టెక్కకూడదు.

ఇలాంటి తీర్మానానికి చట్టం బలం లేదు. జంతుహింస నివారణకు చట్టం కావాలని రాజ్యసభలో పట్టుబట్టింది మన కళాక్షేత్ర రుక్మిణీదేవి. 1960లో చట్టం వచ్చింది, 1962లో ఆవిడే అధ్యక్షురాలిగా జంతు సంక్షేమ బోర్డు వచ్చింది. ఆ బోర్డు 2015లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మెజారిటీ ఓటేసినా సరే కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్‌కు లేదు, లిఫ్టు వద్దనే హక్కూ లేదు. ఇలాంటి బైలాలు చెల్లవని 2021లో కేరళ హైకోర్టు కూడా తేల్చింది. ఇవన్నీ ప్రింటు తీసి సెక్రటరీకిచ్చాను. ఆయన మనవాడే, తిరుత్తణి వైపు. తిరుత్తణి 1960లో చిత్తూరు జిల్లా వదిలి తమిళనాట కలిసింది గానీ, ఆయన పట్టుదల మాత్రం ఇంకా సరిహద్దు దాటలేదు. "ఇది కేరళ సార్. మనది తిరువళ్లూరు జిల్లా" అని కాగితాలు వెనక్కిచ్చారు.

అసలు తమాషా ఫ్లాటు అమ్మకానికి పెట్టాక మొదలైంది. మొదటొచ్చిన రిటైర్డు ఆఫీసరు గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "కుక్క తిరిగిన ఇల్లు. రెండు లక్షలు తగ్గించండి" అన్నారు. తర్వాత వచ్చిన కుర్ర దంపతులకు రెండు పర్షియన్ పిల్లులు. "బైలాలో జంతువులు కూడవని ఉందేమిటండీ? రేపు మేం అమ్మబోతే కొనేదెవరు? రెండు లక్షలు తగ్గించండి" అన్నారు. మూడో పార్టీకి కుక్కంటే హడల్, నిషేధం ఉందనే వచ్చారు. "రూలు గట్టిగా అమలవుతుంది కదా?" అని అడుగుతుండగా లిఫ్టు తలుపు తెరుచుకుని మణి దిగాడు.

మా బ్రోకరు మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. ఎవరు ఎందుకు తగ్గించమన్నా అతని కమిషన్‌లో తగ్గేది కాఫీ ఖర్చంత.

నన్నడిగితే కుక్క కన్నా నిషేధమే ఖరీదు. కుక్క వాసన ఒక డబ్బా పెయింటుతో పోతుంది. బైలాలో వాక్యం పోవాలంటే కోరం కావాలి, మా కోరం టిఫిను పెడితే తప్ప రాదు. మెడకు తాడు, ఏటా టీకా, చేసిన పాడు యజమానే ఎత్తాలి అన్న రూళ్లుంటే కుక్కలున్నవాళ్లూ కొంటారు, లేనివాళ్లూ కొంటారు.

మా బావమరిది కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ ఒకావిడ మూడు పిల్లులతో కాండోలో దిగితే అసోసియేషన్ జరిమానాలేసింది. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు రూలే నెగ్గుతుందంది. తర్వాత శాసనసభ కల్పించుకుని, 2001 నుంచి రాసిన, మార్చిన బైలాలైతే కనీసం ఒక్క జంతువునైనా ఉంచుకోనివ్వాలంది. తక్కిన రెండు పిల్లుల్ని ఎక్కడ పెట్టాలో మా బావమరిది ఇంతవరకు చెప్పలేదు.

మొన్న సెక్రటరీగారూ తమ ఫ్లాటు అమ్మకానికి పెట్టారు. ప్రకటనలో "పెట్ ఫ్రెండ్లీ" అని పెద్దక్షరాలు, పక్కన లిఫ్టు ముందు కూర్చున్న మా మణి ఫొటో. ధర మాకన్నా మూడు లక్షలెక్కువ.