ఎడమ దవడ పన్ను ఆత్మకథ

ఈ పన్ను మొలిచింది ముమ్మిడివరం వైపు ఒక లంకలో, పన్నెండేళ్ళ కుర్రాడి నోట్లో. కింది దవడ, ఎడమవైపు, వెనక నుంచి రెండోది. పాలపన్ను కాదు కాబట్టి ఊడితే మళ్ళీ రాదు. కట్టె కాలేదాకా తోడుండాల్సిన పన్ను. చెరుకు ముక్కలు, ఎండుచేప, కొబ్బరి, పండక్కి ఆత్రేయపురం పూతరేకు అన్నీ నమిలింది. కుర్రాడు పెద్దవాడై కొబ్బరి వలుపులోకి దిగాడు. పని మధ్యలో తీపి టీ, అందులో ముంచిన బిస్కట్టు, రోజుకు నాలుగైదుసార్లు.

మొదట నల్లచుక్క పడింది. తర్వాత నువ్వుగింజంత గుంట. అప్పుడే చూపించుకుని ఉంటే దంతవైద్యుడు ఆ గుంట శుభ్రం చేసి సిమెంటు నింపి పంపేవాడు. కానీ వలుపులో కాయల లెక్కనే డబ్బు. అమలాపురం వెళ్ళొస్తే ఆ రోజు కూలి లేనట్టే. ఆ లెక్క తప్పని ఈ పన్ను అనదు. అతని ఇంట్లో కూలి లేని రోజు ఎలా గడుస్తుందో దానికి తెలుసు.

పుప్పి నరాన్ని తాకాక రాత్రిళ్ళు నిద్ర లేదు. భార్య లవంగం నూరి పెట్టింది. పెద్దమ్మ జిల్లేడు పాలు చుక్క వేయమంటే చిగురు కాలి పుండైంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళలు రెండు రోజులు పనిచేశాయి. పీకించుకుంటానని అతను అన్నప్పుడల్లా ఎవరో ఒకరు, “పన్ను పీకిత్తే సూపు పోద్దిరా బాబూ” అని ఆపేవారు. పంటికొచ్చే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీసినందుకు కళ్ళు పోవు. ఈ ఒక్క మాట లంకలో ఎవరూ చెప్పలేదు.

ఒక ఉదయం నొప్పి పోయింది.

ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈ పన్ను నిజం చెప్పుకోవాల్సింది ఇక్కడే. ఆ ఉదయానికి అది చచ్చిపోయింది. లోపలి నరం కుళ్ళిపోయాక నొప్పి చెప్పడానికేం మిగల్లేదు. క్రిములు మాత్రం వేళ్ళ చివర దాకా దిగి, ఎముకలో చీము కడుతూనే ఉన్నాయి.

చీము ఎటో ఒకవైపు దారి వెతుక్కుంటుంది. కింది ముందు పళ్ళదైతే ఒక్కోసారి గడ్డం దగ్గర చర్మానికి చిల్లుపడి కారుతుంది. దాన్ని సెగ్గడ్డ అనుకుని నెలల తరబడి పైపైన మందు రాసుకునేవాళ్ళున్నారు. ఈ పన్ను వేళ్ళు మాత్రం నాలుక అడుగున పరుచుకున్న కండరం కంటే కిందికి ఉంటాయి. అందుకే దీని చీము తిన్నగా మెడలోకి దిగింది.

2022 జులై గోదావరి వరదకు లంకలు మునిగిన రోజులవి. దవడ వాచింది. వేడి ఉప్పుమూటతో కాపడం పెట్టారు, వాపు ఇంకా పెరిగింది. మూడో రోజుకు గడ్డం కింద చెక్కలా గట్టిపడింది. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. నాలుక పైకి లేచింది, ఉమ్మి మింగలేక కార్చుకున్నాడు, పడుకుంటే ఊపిరాడలేదు. పడవలో గట్టుకు, అక్కణ్ణుంచి అంబులెన్సులో పెద్దాసుపత్రికి.

1836లో జర్మనీ వైద్యుడు లుడ్విగ్ ఈ జబ్బును వివరించాడు. అందుకే దాన్ని లుడ్విగ్స్ యాంజైనా అంటారు. యాంటీబయాటిక్స్ లేని కాలంలో ఇది పట్టినవాళ్ళలో సగానికి పైగా చనిపోయేవారు. ఊపిరి దారి మూసుకుపోవడమే ముఖ్య కారణం. ఇతనికీ మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సొచ్చింది. గడ్డం కింద కోసి చీము తీశారు. షుగరు 300 దాటిందని అప్పుడే బయటపడింది. షుగరు అదుపులో లేని ఒంట్లో చీము తొందరగా పాకుతుంది.

ఆ తర్వాతే పటకారు వచ్చింది. తీయడానికి పట్టింది కొద్ది నిమిషాలు. ఏళ్ళుగా వాయిదా పడ్డ పని అంతే.

ఈ పన్నుకు లోకమంతా చుట్టాలే. నోటి జబ్బులున్నవాళ్ళు ప్రపంచంలో దాదాపు 350 కోట్లమందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్కగట్టింది. నలుగురిలో ముగ్గురు పేద, మధ్యాదాయ దేశాలవాళ్ళే. ఆఫ్రికాలో తిండి చాలని పసిపిల్లల చెంపల్ని చిగుళ్ళ దగ్గర మొదలై తినేసే నోమా జబ్బును ఆ సంస్థ 2023 డిసెంబరులో గానీ నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చలేదు. డబ్బున్న దేశమైనా పేదవాడికి ఇదే గతి: 2007లో అమెరికాలోని మేరీలాండ్‌లో పుప్పిపంటి చీము మెదడుకెక్కి 12 ఏళ్ళ పిల్లవాడు చనిపోయాడు.

ఆ వలుపు కార్మికుడు బతికాడు. మెడమీద మచ్చ, దవడలో ఒక ఖాళీ మిగిలాయి.

మీ ఇంట్లో ఎవరైనా నాలుగు రాత్రులు పంటినొప్పితో మూలిగి, ఐదో రోజు “తగ్గిపోయింది” అంటే, వెలుతురులోకి తీసుకెళ్ళి నోరు తెరిపించి చూడండి. దవడ కింద గట్టిగా వాచినా, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకండి, కాపడం పెట్టకండి. ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి.