ఎమ్-వన్ ఉండిపోయినవాడు

ఏ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్ళినా వీణ్ణి పనిగట్టుకుని వెతకనక్కర్లేదు. మెడలో థర్డ్ ఇయర్ ఐడీ కార్డు, చంకలో ఫస్ట్ ఇయర్ లెక్కల పుస్తకంతో జెరాక్స్ షాపు ముందు నిలబడి ఉంటాడు. "ఎన్నున్నయ్‌రా?" అని అడిగితే "ఒక్కటే అన్నా, ఎమ్-వన్" అంటాడు. డేటా స్ట్రక్చర్స్ గట్టెక్కింది, ఆపరేటింగ్ సిస్టమ్స్ గట్టెక్కింది, రికార్డు రాయకుండానే ల్యాబులన్నీ గట్టెక్కాయి. ఎమ్-వన్ అనే ఆ ఫస్ట్ ఇయర్ లెక్కల పేపరు ఒక్కటే వీణ్ణి వదలనంటోంది. సప్లిమెంటరీ రాయడానికి వెళితే చుట్టూ జూనియర్లే. ఆ మధ్య ఒక జూనియర్ వీడి గడ్డం చూసి లేచి నిలబడి, అడిషనల్ షీట్ కావాలని వీణ్ణే అడిగాడు.

వీడికి లెక్కలు రావనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇంటర్లో వన్-ఏ, వన్-బీ, టూ-ఏ, టూ-బీ అని నాలుగు పేపర్లు, పేపరుకు 75 చొప్పున మొత్తం 300 మార్కులు. అందులో వీడు పోగొట్టుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలుంటే 80 లెక్కలవే. వీడికి ర్యాంకు తెచ్చిపెట్టింది ఆ 80. ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు కూడా.

అలాంటివాడు ఇలా ఎందుకయ్యాడు? అప్పట్లో తెల్లవారుజామునే హాస్టల్ వార్డెన్ తలుపు బాదేవాడు. ఆ తర్వాత స్టడీ అవర్, స్లిప్ టెస్ట్, వారం తిరిగేసరికి ఇంకో టెస్ట్. మార్కులు తగ్గితే ఇంటికి ఫోను. పిల్లాడికి చదువుకునే అలవాటు బాగా అబ్బిందని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ఆ అలవాటు పిల్లాడిది కాదు, వార్డెన్‌ది. వీడు పెట్టె సర్దుకుని ఇంజినీరింగ్‌కి వచ్చేశాడు, అలవాటు ఆయన దగ్గరే ఉండిపోయింది.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్-18 నిబంధనల ప్రకారం పాసవ్వాలంటే రాత పరీక్షలో 75కి 26, ఇంటర్నల్స్‌తో కలిపి నూటికి 40 రావాల్సి ఉండేది. వీడికి రాత పరీక్షలో 19 వచ్చాయి. ఆ రాత్రి పెదనాన్న ఫోను. "ఏంరా, లెక్కల్ల ఫస్టుంటివి గదరా, ఏమైందిరా?" వీడి దగ్గర సమాధానాలు మూడున్నాయి, మనిషిని బట్టి వాడతాడు. పెద్దవాళ్ళకైతే "పేపర్ టఫ్ ఇచ్చిన్రు". స్నేహితులకైతే "దిద్దినాయన మూడు బాగలేకుండె". ఎవరూ లేనప్పుడు తనకు తాను చెప్పుకునేది, "రీవాల్యుయేషన్‌ల వస్తది". రీవాల్యుయేషన్‌కి డబ్బు కట్టాడు. అది పాపం నిజాయతీగా మళ్ళీ 19 అనే చెప్పింది.

ఓదార్పుకి శ్రీనివాస రామానుజన్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. "ఆయనే ఫెయిలయ్యిండు, మనమెంత?" ఫెయిలైన మాట నిజమే. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నానికే వచ్చేశాడు. ఆ తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. కాకపోతే ఆయన లెక్కల ధ్యాసలో పడి మిగతావి తప్పాడు, వీడు మిగతావన్నీ పాసై లెక్కలు తప్పాడు. ఇద్దరికీ కలిసింది విశాఖపట్నం ఒక్కటే. రిజల్ట్స్ వచ్చిన వారమే వీడూ మనసు బాగోలేదని ఫ్రెండ్స్‌తో ఆర్‌కే బీచ్‌కి వెళ్ళొచ్చాడు.

తిరిగొచ్చాక శపథం చేశాడు. శపథానికి కావలసిన సరంజామా ఏమిటంటే కొత్త లాంగ్ నోట్‌బుక్, నాలుగు రంగుల హైలైటర్లు, గోడకి టైమ్‌టేబుల్. ఆ టైమ్‌టేబుల్ గీయడానికే ఒక ఆదివారం పట్టింది. పొద్దున నాలుగింటికి లేవడం, ఆరింటిదాకా ఎమ్-వన్. సోమవారం నాలుగింటికి అలారం మోగింది, రూమ్మేట్ లేచి ఆపాడు. మంగళవారం నుంచి రూమ్మేట్ వేరే గదిలో పడుకున్నాడు.

అయితే వీడిలోని గణిత మేధావిని చూడాలంటే పాస్ మార్కుల లెక్క వేసేటప్పుడు చూడాలి. పేపర్లో పార్ట్-ఏ 25 మార్కులు, యూనిట్‌కి అయిదు చొప్పున. పార్ట్-బీ 50, యూనిట్‌కి పది చొప్పున, అదీ ఇదో అదో అని చాయిస్‌తో. అంటే మాట్రిసెస్, ఐగెన్ వాల్యూస్ అనే మొదటి రెండు యూనిట్లు క్షుణ్ణంగా చూసుకుంటే పది, ఇరవై కలిపి 30. కావలసింది 26. నాలుగు మార్కులు మిగులు! సీక్వెన్సెస్‌కి దండం, బీటా గామాలకి దండం, అయిదో యూనిట్‌కి దూరం నుంచే సాష్టాంగం. ఒక నిబంధనకు లోబడి ఒక రాశిని కనిష్ఠం చేయడమెలాగో నేర్పేది లాగ్రాంజ్ పద్ధతి. 26 మార్కుల నిబంధనకు లోబడి శ్రమని కనిష్ఠం చేస్తూ జీవితమంతా ఆ లెక్కే చేస్తున్నవాడు, ఆ పాఠం ఉన్న అయిదో యూనిట్‌నే వదిలేశాడు.

మిగిలిన రెండు యూనిట్లయినా ఎలా చదివాడంటే, చూశాడు. యూట్యూబ్‌లో ఎవరో సారు చెప్పే పాఠాల్ని 2ఎక్స్ స్పీడులో పెట్టి, నాలుగు గంటల పాఠాన్ని రెండు గంటల్లో ముగించి, మిగిలిన రెండు గంటలూ పొదుపు చేసినందుకు సంబరంగా ఇరానీ చాయ్ తాగొచ్చాడు. ప్రతి వీడియో చివరా "అర్థమైంది" అనడం వీడి ఊతపదం. నిజంగానే అర్థమయ్యేది. సారు లెక్క చేస్తుంటే ఏ స్టెప్పు తర్వాత ఏ స్టెప్పు వస్తుందో వీడికి ముందే తెలిసిపోయేది. చేస్తున్నది సారు, అదొక్కటే తేడా.

ఐగెన్ వాల్యూస్‌లో ఒక పేరుమోసిన మాట్రిక్స్ ఉంది. మొదటి వరుస 8, -6, 2. రెండోది -6, 7, -4. మూడోది 2, -4, 3. జవాబు 0, 3, 15. నిద్రలో లేపి అడిగినా వీడు చెప్పేస్తాడు. సప్లిమెంటరీలో 6, -2, 2. -2, 3, -1. 2, -1, 3 ఇచ్చారు. వీడు నాలుగు లైన్లు ధైర్యంగా నడిచాడు. అయిదో లైనులో మైనస్ ఒకటి జారింది. ఇక అక్కడినుంచి చుట్టూ చూసి, కళ్ళు మూసుకుని, 0, 3, 15 అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. డయాగొనల్ మీది అంకెలు కలిపితే ఎంతొస్తుందో ఐగెన్ వాల్యూస్ కలిపినా అంతే రావాలి. ఇక్కడ డయాగొనల్ మొత్తం 12, వీడి జవాబుల మొత్తం 18. ఒక్క కూడికతో దొంగ దొరికిపోయేవాడు. కానీ జవాబు వచ్చాక మళ్ళీ వెనక్కి చూడటం వీడి వంశంలో లేదు. అసలు జవాబు 8, 2, 2.

ఆ సప్లీ కూడా పోయాక మొదటిసారి స్టాఫ్‌రూమ్ గడప తొక్కాడు. "అన్నీ అర్థమైతయి మేడమ్, ఎగ్జామ్‌ల రాదు" అని గోడు వెళ్ళబోసుకున్నాడు. మేడమ్ పుస్తకం మూసి, తెల్లకాగితం ముందు పెట్టి, "సరే, ఆ 8, -6, 2 లెక్కే చెయ్యి నాయనా" అంది. వీడు మైనస్ లామ్డా దాకా రాశాడు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మంచినీళ్ళు తాగొస్తానన్నాడు. "నీకూ లెక్కకూ ముఖపరిచయమే ఉంది, స్నేహం లేదు" అంది మేడమ్. "ఇంటర్లో వారం వారం టెస్ట్ ఎవరు పెట్టేవాళ్ళు? ఇప్పుడు నువ్వే పెట్టుకోవాలి."

మేడమ్ మాట ఊరికే పోయేది కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగం ఇదే చెప్పింది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు చదివి, మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళు ముందుకొచ్చేశారు. వీడి లెక్కన తప్పంతా యూనివర్సిటీది. వీడియో అయిపోయిన అయిదు నిమిషాల్లో పరీక్ష పెట్టి ఉంటే డిస్టింక్షన్ వచ్చేది.

మారడమైతే మారాడు గానీ, సినిమాలో లాగా పాట అయ్యేలోపు మారిపోలేదు. మొదటివారం రోజుకి మూడే లెక్కలు. ఒకసారి చూడటం, పుస్తకం మూయడం, చేయడం, ఆగిపోయిన చోట చుక్క పెట్టడం. మర్నాడు ఆ చుక్క దగ్గరికే మళ్ళీ వెళ్ళడం. లాంగ్ నోట్‌బుక్ తప్పుల పుస్తకంగా మారింది. అందులో మొదటి పేజీ నిండా ఒకే తప్పు, మైనస్. తనకు గణితం రాదని ఇన్నాళ్ళూ బెంగపడ్డవాడికి తనకు రానిది బ్రాకెట్ ముందు మైనస్ ఒక్కటేనని తెలిసి ప్రాణం లేచొచ్చింది. రెండోవారం నుంచి యూనిట్ల వరుస చెడగొట్టి, పాత పేపర్లలోంచి చీటీలు తీసి చేశాడు. ఏ లెక్క వస్తుందో తెలియకపోతే ఏ పద్ధతి వాడాలో కూడా తానే తేల్చుకోవాలి. చాలా చిరాకుగా ఉంటుంది, పరీక్షలో ఉన్నట్టే.

అమ్మ మాత్రం చిలుకూరు బాలాజీకి మొక్కింది. అక్కడ కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీడు ఆ 11 చేస్తూ చేస్తూ తనకు తానే ఒక ధర్మసూక్ష్మం కనిపెట్టాడు. ప్రదక్షిణని ఇంకొకడు చేస్తుంటే చూస్తే లెక్కలోకి రాదు, 2ఎక్స్‌లో చేయడం కుదరదు. ఎవడి కాళ్ళతో వాడు తిరగాల్సిందే.

పాసయ్యాడు. రాత పరీక్షలో 47. మిఠాయిలు పంచాడు. ఇప్పుడు వీణ్ణి భరించడం ఫెయిలైనప్పటికన్నా కష్టంగా ఉంది. క్యాంటీన్‌లో ఏ జూనియర్ అయినా "అర్థమైందన్నా" అంటే చాలు, టిష్యూ పేపరు, పెన్ను చేతికిచ్చి "చేసి చూపించు తమ్మీ" అంటాడు. సమోసా చల్లారిపోయేదాకా వదలడు. జూనియర్లు వీణ్ణి దూరం నుంచి చూసి దారి మళ్ళుతున్నారు. వీడికి పెట్టిన పేరు "వార్డెన్".

ఇంట్లో ఇప్పుడు కొత్త గొడవ మొదలైంది. మళ్ళీ రీవాల్యుయేషన్‌కి డబ్బు కడతానంటున్నాడు.

"పాసైతివి గదరా, మల్ల ఎందుకు?" అని నాన్న అడిగితే, తప్పుల పుస్తకం చివరి పేజీ తెరిచి చూపించాడు. పరీక్ష రాసి వచ్చిన రోజే ప్రతి జవాబూ సరిచూసుకుని మార్కులు వేసుకున్నాడట. ఆ లెక్క ప్రకారం 49 రావాలి.

"రెండు తక్కువేసిన్రు నాన్నా" అంటున్నాడు. "ఈసారి నమ్మకం కాదు, లెక్క."