ఆరు డాలర్లు

పుట్టిన పూటే చావాల్సిన పందిపిల్ల కథ అది. ఆ ఈతలో అన్నిటికన్నా బక్కది, ఇక బతకదని తేల్చేసి ఆరబుల్ అనే రైతు పొద్దున్నే గొడ్డలి తీసుకుని బయల్దేరతాడు. ఎనిమిదేళ్ల కూతురు ఫెర్న్ పరుగున వెళ్లి ఆ గొడ్డలి పట్టుకుని వేలాడుతుంది. నేనూ ఇంతే చిన్నగా పుట్టుంటే నన్నూ చంపేవాడివా అని తండ్రిని నిలదీస్తుంది. తండ్రి మెత్తబడతాడు. ఫెర్న్ దానికి విల్బర్ అని పేరుపెట్టి, సీసాతో పాలు పట్టి పెంచుతుంది.

ఈ.బి. వైట్ రాసిన ‘షార్లెట్స్ వెబ్’ ఇలా మొదలవుతుంది. 1952లో అమెరికాలో వచ్చిన పిల్లల నవల. గుంటూరు దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఆరో తరగతి పిల్లలకి శనివారం ఆఖరి పీరియడులో దీన్ని చదివి వినిపించాను. ఒక పేజీ ఇంగ్లీషులో చదివేవాణ్ణి, మళ్లీ అదంతా తెలుగులో చెప్పేవాణ్ణి. పరీక్షలో రాని పుస్తకమని తెలిశాక పిల్లలు వినే తీరే వేరు. పెన్నులు కింద పెట్టేసి, గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుంటారు.

వైట్ గాల్లోంచి అల్లిన కథ కాదిది. మెయిన్ రాష్ట్రంలో ఆయనకి సొంత పొలం, పశువుల కొట్టం ఉండేవి. జబ్బుపడిన పందికి తానే సేవలు చేసి, అది చచ్చిపోతే ఆ బాధ మీద ఆయన రాసిన వ్యాసం 1948లో అచ్చయింది. కొట్టంలో సాలీడు పెట్టిన గుడ్ల సంచిని జాగ్రత్తగా కోసి, మిఠాయి పెట్టెలో పెట్టుకుని న్యూయార్కు తీసుకెళ్లాడు. అక్కడ పడగ్గదిలో బీరువా మీద అవి పిల్లలవుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పానో లేదో, మరుసటి శనివారానికి నా బల్ల మీద అగ్గిపెట్టె ఒకటి ప్రత్యక్షమైంది. లోపల సాలీడు. డార్మిటరీ మూలలో పట్టి తెచ్చారు. గాలి ఆడ్డానికి పిన్నీసుతో పెట్టెకి చిల్లులు కూడా పొడిచారు.

విల్బర్‌కి అయిదు వారాలు నిండాయి. ఇక అమ్మెయ్యాలంటాడు తండ్రి. దాని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పదిమందీ అప్పటికే అమ్ముడుపోయారు. ఫెర్న్ ఏడుస్తుంది. దగ్గర్లోనే ఉన్న హోమర్ అంకుల్‌కి ఇస్తే నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి చూసుకోవచ్చని తల్లి సర్దిచెబుతుంది. ఎంతకివ్వాలో తండ్రే చెబుతాడు. ఆరు డాలర్లు.

వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. పల్నాడు పిల్లాడు. అప్పటిదాకా నా క్లాసులో నోరు విప్పి ఎరగడు.

“ఆరు డాలర్లంటే మన డబ్బుల్లో ఎంత సార్?”

“ఇవాళ్టి లెక్కలో అయిదొందల పైచిలుకు.”

బుద్ధిగా నోటుపుస్తకం తెరిచి రాసుకున్నాడు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లాడనుకున్నాను.

స్నేహం గురించిన నవల అని దీనికి పేరు. పేరుకు తగ్గట్టే కొట్టం గుమ్మం పైనుండే షార్లెట్ అనే సాలీడు, తన గూట్లో అక్షరాలు అల్లి పందిని కత్తికి దూరం చేస్తుంది. కానీ నన్ను ఎప్పుడూ పట్టి ఆపేసేది అంతకుముందు వచ్చే వానరోజు. వాన పడుతూనే ఉంటుంది. విల్బర్‌కి తిండి సయించదు. ఆడుకుందాం రమ్మని బాతును అడిగితే అది గుడ్ల మీంచి లేవనంటుంది. గొర్రెపిల్ల ఈసడించుకుంటుంది. టెంపుల్టన్ అనే ఎలుకకి తిండి యావ తప్ప ఇంకోటి పట్టదు. విల్బర్ వెళ్లి పేడలో బోర్లా పడుకుని ఏడుస్తాడు. దానికి జబ్బు చేసిందనుకుని పనివాడు గంధకం, బెల్లప్పాకం కలిపి గొంతులో పోస్తాడు. ఎవరూ లేరని ఏడుస్తున్న జీవికి దొరికింది మందు!

“మాకు ఓఆర్ఎస్ పాకెట్ ఇస్తారు సార్” అన్నాడొకడు. “అన్నం వద్దంటే సిక్ రూమ్‌కి పంపించేస్తారు” అన్నాడు ఇంకొకడు. ఎవరూ నవ్వలేదు. వాళ్లు విల్బర్ మీద జాలిపడటం లేదు. కొత్తగా వచ్చిన కుర్రాడి సంగతి పాతవాళ్లు చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు. సాహిత్యం అర్థం కావడమంటే నా లెక్కలో ఇదే. ఎన్ని నోట్సులు రాయించినా ఇంత దగ్గరకి రాదు.

షార్లెట్, టెంపుల్టన్‌లతో కలిసి వెళ్లిన సంతలో విల్బర్‌కి పతకం వచ్చే వేళకి ఫెర్న్ అక్కడ లేదు. జెయింట్ వీల్ ఎక్కించిన కుర్రాణ్ణి వెతుక్కుంటూ పోయింది. షార్లెట్ చివరి ఓపికతో అయిదు వందల పద్నాలుగు గుడ్లు పెట్టి, సంచి అల్లి, ఇంక ఇంటికి రాలేనంటుంది. ఆ సంచిని దించి తెచ్చేది టెంపుల్టనే. ఊరికే తేలేదు. ఇకమీదట విల్బర్ తొట్టిలో ముందు తను తిన్నాకే విల్బర్ తినాలని మాట తీసుకున్నాడు. విల్బర్ ఆ సంచిని నాలుక మీద పెట్టుకుని ఇంటికి చేరుస్తాడు. షార్లెట్ ఆ సంత మైదానంలో ఒక్కతే చచ్చిపోతుంది. ఈ పేజీ చదివాక పిల్లల ముఖాల్లోకి చూడలేక కిటికీలోంచి బయటికి చూశాను.

పల్నాడు పిల్లాడి చెయ్యి మళ్లీ లేచింది.

“తర్వాత ఫెర్న్ కొట్టానికి రాలేదా సార్?”

“వచ్చింది గానీ, మునుపటిలా కాదు. పెద్దదవుతోంది కదా.”

తలూపి కూర్చున్నాడు.

పుస్తకం అయిపోయిన శనివారం బోర్డు మీద రెండు ప్రశ్నలు రాశాను. ఈ నవలలో స్నేహితులు ఎవరు? కుటుంబం ఎవరు? తెలుగులో రాసినా సరే, సోమవారం ఇస్తే చాలు అన్నాను.

మర్నాడు రెండో ఆదివారం. తల్లిదండ్రులు వచ్చే రోజు. పది కాకముందే వేపచెట్ల కింద దుప్పట్లు పరిచేశారు. కారియర్లు విప్పుతుంటే ఆవరణంతా నాటుకోడి కూర వాసన, గోంగూర వాసన. ఓ తల్లి కొడుకు చేతివేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని గోళ్లు తీస్తోంది. ఓ తండ్రి పిల్లాడి చెప్పుల కొలత చేత్తో చూసుకుంటున్నాడు. అయిదింటికి గంట కొడతారు. ఈలోపు నెల రోజుల ముద్దులన్నీ అయిపోవాలి.

ఆఫీసు మెట్ల దగ్గర ఒకాయన ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు. తెల్లచొక్కా, భుజాన కండువా, చేతివేళ్లకి ఇంకా వదలని మిరప ఎరుపు. ఫీజు రసీదు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంటున్నాడు.

“మావోడు మీ పేరు చెబుతా ఉంటాడు సార్. ఎట్టా చదువుతున్నాడు?”

పల్నాడు పిల్లాడి నాన్న. మొన్న గుంటూరు యార్డులో మిరపకాయ టిక్కీలు అమ్మి, చేతికొచ్చిన డబ్బు నేరుగా ఇక్కడికే తెచ్చానని చెప్పాడు. వాడు మా మాదిరి ఎండలో మాడకూడదు సార్ అన్నాడు. క్లాసులో శ్రద్ధగా వినేవాళ్లలో మీవాడే ముందుంటాడని నేను చెబితే ఆ ముఖం వెలిగిపోయింది. చెయ్యి పట్టుకుని చెట్టు కిందకి లాక్కెళ్లాడు. తల్లి కోడిగుడ్డు ఒలుస్తోంది. పిల్లాడు ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని రాసుకుంటున్నాడు.

“కూర్చోండి సార్. రెండు ముద్దలు తినాల్సిందే” అంది ఆమె.

“అదేందిరా రాస్తున్నావ్?”

“సార్ ఇచ్చిన పని. అయిపోవచ్చింది నాన్నా.”

“పైకి చదువు. మీ అమ్మ కూడా వింటది. సారు కూడా ఉన్నాడుగా!”

పిల్లాడు నా వంక చూశాడు. సరే చదువన్నాను. లేచి నిలబడి, క్లాసులో పాఠం చదివినట్టు, ఎక్కడా తడబడకుండా చదివాడు.

“విల్బర్ స్నేహితురాలు షార్లెట్. ఆమె ఏమీ తీసుకోకుండా సాయం చేసింది. టెంపుల్టన్ తిండి తీసుకుని సాయం చేశాడు. అయినా గుడ్లు తెచ్చింది అతనే కాబట్టి అతను కూడా స్నేహితుడే.

విల్బర్ కుటుంబం కొట్టంలో ఉంది. బాతులు, గొర్రెలు, ఎలుక. మొదట విల్బర్‌తో సరిగ్గా మాట్లాడలేదు. కానీ రాత్రిపూట పక్కన ఉండేది వాళ్లే. మా గదిలో పన్నెండు మందిమి ఉంటాం. మొదట మాకూ పడలేదు.

ఫెర్న్ మంచి అమ్మాయి. విల్బర్‌ని బతికించింది. రోజూ వచ్చి, పాలు పితికే స్టూలు మీద కూర్చుని చూసేది. సాయంత్రం కాగానే వాళ్లింటికి వెళ్లిపోయేది.”

“శభాష్!” అన్నాడు తండ్రి. ఒలిచిన గుడ్డు తల్లి చేతిలోనే ఉంది.

“ఇంకొంచెం ఉంది నాన్నా” అని, పిల్లాడు పేజీ తిప్పాడు.

“విల్బర్‌ని ఇచ్చేస్తే ఫెర్న్ వాళ్లకి ఆరు డాలర్లు వచ్చాయి. అంటే మన డబ్బుల్లో అయిదొందలు. నన్ను ఇచ్చేసి మా నాన్న లక్షా పదివేలు ఎదురు కట్టాడు.”