ఇచ్చట మాడు తెరవబడును

మొన్న ఆదివారం జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లో మా అక్కకు సహస్రారం తెరుచుకుంది. పొద్దున తొమ్మిదింటికి శిబిరం మొదలుపెట్టారట. పదకొండుకి టీ, సమోసా, ఒంటిగంటకు భోజనాలు, నాలుగున్నరకల్లా హాల్లో ఉన్నవాళ్ళందరికీ నడినెత్తిన వెయ్యి రేకులూ విచ్చుకున్నాయి. తెరుచుకోకుండా ఒక్కరూ మిగల్లేదు. ఆరింటికి హాలు పెళ్ళివారికి అప్పగించాలి మరి, అప్పటిదాకా మూసుకుని కూర్చుంటే అద్దె ఎవడిస్తాడు?

తెరిచినందుకు రుజువుగా లామినేషన్ చేసిన కాగితం ఇచ్చారు. దానిమీద ఊదారంగు పద్మం, పద్మం కింద అక్క పేరు, పేరు కింద ‘మొదటి లెవెల్’ అనీ. జ్ఞానోదయానికి కూడా లెవెళ్ళుంటాయని బుద్ధుడికి తెలియక చెట్టు కింద అన్నాళ్ళు వృథా చేసుకున్నాడు.

మా బావ బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వదిలి తరం గడిచినా యాస వదల్లేదు. కాగితం ఇటూ అటూ తిప్పి, “వారంటీ ఎన్నాళ్ళే?” అన్నాడు. అక్క పలకలేదు. జ్ఞానం కలిగాక అజ్ఞానులతో వాదించరాదని భోజనాల తర్వాతి క్లాసులో చెప్పారట.

ఆ ఊదారంగు మాత్రం నాకు మింగుడుపడలేదు. ఈ చక్రాల లెక్కకంతా మూలమని చెప్పుకునే షట్చక్రనిరూపణం బెంగాల్‌లో పూర్ణానందుడు 1577లో రాసింది. షట్ అంటే ఆరు. సహస్రారం ఆ ఆరింటిలో లేదు, వాటికి పైన. కింది ఆరు పద్మాల రేకులు వరసగా నాలుగు, ఆరు, పది, పన్నెండు, పదహారు, రెండు. కూడితే 50, సంస్కృత అక్షరాలెన్నో అన్ని. ఆ యాభై ఇరవైసార్లు తిరిగితే వెయ్యి. ఆ వెయ్యి రేకుల పద్మం రంగు తెలుపు, పైగా అది తలకిందులుగా వేలాడుతుంది. ఇంద్రధనుస్సులోని ఏడు రంగుల్నీ పంచదార చిలకల్లా చక్రానికొకటి పంచిపెట్టింది 1970ల నాటి అమెరికా పుస్తకాలు. పూర్ణానందుడి పుస్తకాన్ని ఇంగ్లీషులోకి దింపింది కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ ఉడ్రఫ్. ‘ది సర్పెంట్ పవర్’ పేరుతో అది 1919లో అచ్చయింది. అదే ఏడు వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి మన సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఊరికి దొర పేరు పెట్టాడంటే సరే, కుండలినీ పాముని కూడా దొర చెబితే తప్ప నమ్మలేకపోయాం.

పతంజలిని అడుగుదామా? ఆయన వెయ్యి రేకుల ఊసే ఎత్తలేదు. శిరస్సులోని జ్యోతి గురించి ఒక్కచోట ముక్తసరిగా అన్నాడు, తర్వాత కాసేపటికే ఇలాంటి సిద్ధులన్నీ సమాధికి అడ్డంకులని తేల్చేశాడు. పాపం, ఆయనకు మార్కెటింగ్ తెలీదు.

మాడు నిజంగా తెరుచుకుందని శిష్యులు చెప్పుకున్న మనిషి మనవాడే ఒకాయన ఉన్నాడు. బొబ్బిలి దగ్గర కలవరాయిలో 1878లో పుట్టిన గణపతి ముని. నవద్వీపంలో పండితుల సభలో ఆశువుగా శ్లోకాలు గుప్పించి 1900లో ‘కావ్యకంఠ’ బిరుదు కొట్టుకొచ్చాడు. అంతటివాడు 1907 నవంబరులో అరుణాచలం కొండెక్కి, గోచీ పెట్టుకున్న ఇరవయ్యేడేళ్ళ కుర్రవాడి కాళ్ళ మీద పడి, అన్నీ చదివాను, తపస్సంటే ఏమిటో మాత్రం తెలియలేదన్నాడు. ‘నేను’ అన్నది ఎక్కణ్ణుంచి పుడుతోందో చూడమన్నాడు ఆ కుర్రవాడు. రెండో లెవెల్‌కి డిసెంబరులో రమ్మనలేదు. ఆ కుర్రవాడికి రమణ మహర్షి అని పేరుపెట్టింది ఈ పండితుడే. ఉమాదేవి మీద వెయ్యి శ్లోకాలు రాసింది కూడా ఆ తర్వాతే.

1922లో గణపతి మునికి కపాలభేదం జరిగిందని, నడినెత్తి విచ్చుకుందని శిష్యులు రాసిపెట్టారు. మీరు నమ్మకపోతే నాకేం కోపం లేదు, నాకూ సగం అనుమానమే. కానీ తర్వాత ఆయన చేసిన పని చూడండి. అంటరానితనానికి శాస్త్రంలో చోటు లేదని శాస్త్రాలు ముందేసుకుని వాదించాడు. టిక్కెట్టు పెట్టలేదు. చివరికి 1936లో ఖరగ్‌పూర్ నింపురాలో కన్నుమూశాడు. టాటానగర్‌లో హౌరా బండెక్కితే దారిలో తగిలే ఖరగ్‌పూరే. అక్క ఆ స్టేషన్లో ఎన్నిసార్లు టీ తాగిందో.

ఇంకో చిక్కుంది. యోగి సహస్రారం దాకా ఎక్కినా చివరకు హృదయంలోకి దిగిరావలసిందేనని రమణుడు చెప్పేవాడు. మన హాళ్ళవాళ్ళు ఎక్కడానికే టిక్కెట్టు అమ్ముతారు. తిరుగు టిక్కెట్టు లేదు. అందుకే ఊళ్ళో ఇంతమందికి కళ్ళు నెత్తికెక్కి అక్కడే ఉండిపోయాయి.

ఈ వ్యవహారాన్ని మనకంటే ముందు అర్థం చేసుకున్నది పన్నుల శాఖ. రుసుము తీసుకుని నడిపే యోగా శిబిరాలు ‘హెల్త్ అండ్ ఫిట్‌నెస్’ సేవ కిందికి వస్తాయి, సేవాపన్ను కట్టండి అంది. పతంజలి యోగపీఠ్ ట్రస్టు ఇది విరాళమని వాదిస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2024 ఏప్రిల్‌లో కోర్టు పన్ను కట్టాల్సిందేనంది. ఇన్ని వేల ఏళ్ళ వేదాంతంలో ఎవరికీ తెగని ప్రశ్నను ఒక ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. కైవల్యం, జిమ్ము, రెండూ ఒకే పద్దు.

అక్క కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టాక బావ నన్ను వీధి గుమ్మంలోకి లాక్కెళ్ళాడు. “ఒరే బావా, ఫర్నేసులో రాయి, కోకు, సున్నపురాయి, అన్నీ నెత్తి మీంచే ఏస్తాం. సరుకు మాత్రం అడుగునుంచి తీస్తాం. అడుగు పదిహేనొందల డిగ్రీలు కాలితేగానీ ఇనుం దిగదు. ఈళ్ళేటి, అడుగు ముట్టించకుండానే నెత్తి తెరిచీసినారు? ఆ ఇనుం మీద తేలీదేటో తెల్సా? చిట్టెం.”

లోపల్నుంచి పసిదాని ఏడుపు. నెల తిరగని మనవరాలు. అక్క కాళ్ళు చాపుకుని దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఆముదం అరచేతిలో పోసుకుని, దూదిలాంటి, కొట్టుకుంటున్న మాడు మీద మెత్తగా అద్దుతోంది. మాడు పూడాలంటే ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది, మా అమ్మా ఇలాగే అద్దింది.

బావ గుమ్మంలోంచి తొంగిచూసి, “నెమ్మదిగా రాయే” అన్నాడు. “పూర్తిగా పూడిపోనాదంటే రేపు మళ్ళీ తెరిపించాల. అప్పటికి రేటెంతుంటాదో.”